లెక్కల పుస్తకంలో కనిపించే వెట్టిచాకిరీ

(కంపెనీల కొనుగోలు, అకౌంట్స్ విభాగాల్లో పనిచేసేవారి సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు పెద్దగా మార్చకుండా రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం.

వెట్టిచాకిరీ గురించి, దాన్ని ఆపడానికి వచ్చిన చట్టాల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. చట్టాల దగ్గరికి వస్తాను. అంతకంటే ముందు ఒక గుమాస్తా కథ చెప్పాలి. ఈ హాల్లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది పర్చేజ్, అకౌంట్స్, లాజిస్టిక్స్ చూసేవాళ్లే. అందుకే ఆయన మీ మనిషి అనుకుని వినండి.

1890ల చివర్లో ఎడ్మండ్ మోరెల్ అనే యువకుడు లివర్‌పూల్‌లోని ఎల్డర్ డెంప్‌స్టర్ అనే ఓడల కంపెనీలో పనిచేసేవాడు. ఫ్రెంచి బాగా వచ్చు. అందుకని కంపెనీ అతన్ని తరచూ బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవుకు పంపేది. అప్పట్లో కాంగో మొత్తాన్ని బెల్జియం రాజు లియోపోల్డ్ తన సొంత ఆస్తిలా ఏలుకుంటున్నాడు. అక్కడి నుంచి ఓడలు ఈ రేవుకే వచ్చేవి. వచ్చేటప్పుడు నిండా రబ్బరు, ఏనుగు దంతాలు. మరి తిరిగి వెళ్లేటప్పుడు? వ్యాపారం అంటే ఇచ్చిపుచ్చుకోవడం. రబ్బరు ఇచ్చినవాళ్లకు బట్టలో పనిముట్లో డబ్బో ఏదో ఒకటి వెళ్లాలి కదా. మోరెల్ సరుకు పద్దులు తిరగేస్తే, వెళ్తున్న వాటిలో ముఖ్యమైనవి తుపాకులు, తూటాలు, సైనికులు. అంత రబ్బరుకు బదులుగా ఇవ్వదగ్గ సరుకు దాదాపు ఏమీ వెళ్లడం లేదు.

మోరెల్ అక్కడ ఆగి ఆలోచించాడు. డబ్బు పోవడం లేదు, సరుకు పోవడం లేదు, తుపాకులు పోతున్నాయి. అయినా రబ్బరు వస్తూనే ఉంది. అలాంటప్పుడు ఆ రబ్బరు తీస్తున్నవాళ్లకు ఎవరూ ఏమీ చెల్లించడం లేదనే అర్థం. తుపాకీ చూపించి తీయిస్తున్నారు. కాంగో నేల మీద కాలు పెట్టకుండానే, అక్కడి కూలీ ఒక్కరితోనూ మాట్లాడకుండానే, రేవులోని పద్దులు చూసి ఆయన ఈ సంగతి తెలుసుకున్నాడు. తరవాత ఉద్యోగం వదులుకున్నాడు. 1904లో కాంగో సంస్కరణ సంఘం పెట్టాడు. అదే సంవత్సరం బ్రిటిష్ కాన్సల్ రోజర్ కేస్‌మెంట్ కాంగోలో తిరిగి, కళ్లారా చూసి రాసిన నివేదిక బయటికొచ్చింది. మోరెల్ పద్దుల్లో చూసినదంతా నిజమని తేలింది. చివరికి 1908లో లియోపోల్డ్ కాంగోను వదులుకోవాల్సి వచ్చింది.

నూట పాతికేళ్ల కిందటి కథ ఇప్పుడెందుకంటే, ఈ పనిలో నేను నేర్చుకున్నదంతా దీనిలోనే ఉంది. వెట్టిచాకిరీని మనం ఫ్యాక్టరీలో వెతుకుతాం, గేటు దగ్గర వెతుకుతాం, హాస్టల్లో వెతుకుతాం. అక్కడా వెతకాలి, కాదనను. కానీ అది అంతకంటే ముందే కాగితం మీద కనిపిస్తుంది. సప్లయర్ ఖాతాల్లో ఉండాల్సిన ఖర్చు ఉండదు. మన పర్చేజ్ ఆర్డర్‌లో ఉండాల్సిన డబ్బు ఉండదు, ఇవ్వాల్సిన రోజులు ఉండవు. ఆ ఖాళీని ఎవరో ఒకరు తమ ఒంటితో పూడుస్తున్నారు.

ముందు వెట్టి, బలవంతపు పని అన్న మాటలకు అర్థం ఏమిటో తేల్చుకుందాం. సంకెళ్లు, కొరడా అనుకుంటే మనకేమీ కనపడదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930లో చేసిన 29వ నంబరు ఒప్పందంలో నిర్వచనం ఉంది. ఏదో ఒక శిక్ష పడుతుందన్న భయం పెట్టి ఒక మనిషితో చేయించుకునే పని, ఆ మనిషి తనంతట తాను ఇష్టపడి ఒప్పుకోని పని ఏదైనా బలవంతపు పనే. రెండే ముక్కలు: భయం ఉంది, ఇష్టం లేదు. శిక్ష అంటే కొట్టడమే కానక్కరలేదు. మూడు నెలల జీతం ఆపేస్తాననడం శిక్ష. పాస్‌పోర్టు ఇవ్వననడం శిక్ష. పోలీసులకు పట్టిస్తాననడం శిక్ష.

2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రాణా ప్లాజా కూలి 1,134 మంది చనిపోయారు. దాన్ని అందరం భవనం ప్రమాదంగానే గుర్తుపెట్టుకున్నాం. ముందురోజే గోడలకు పగుళ్లు కనిపించాయి. కింది అంతస్తుల్లో ఉన్న బ్యాంకు వాళ్ల సిబ్బందిని పంపేసింది. పై అంతస్తుల్లోని కుట్టు కార్మికులు మాత్రం మర్నాడు పనిలోకి వచ్చారు. రాకపోతే జీతం ఇవ్వబోమని బెదిరించినట్టు బతికి బయటపడ్డవాళ్లు చెప్పారు. భయపడుతూ మెట్లెక్కారు. ఇందాకటి నిర్వచనాన్ని దీని పక్కన పెట్టి చదవండి. బ్యాంకు ఉద్యోగికి, కుట్టు కార్మికురాలికి మధ్య ఆ ఉదయం ఉన్న తేడా ఒక్క నెల జీతం.

ప్రపంచం మొత్తం మీద ఎంతమంది? 2022లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మరో రెండు సంస్థలతో కలిసి ఇచ్చిన అంచనా ప్రకారం, 2021లో ఏ రోజు చూసినా బలవంతపు పనిలో 2 కోట్ల 76 లక్షల మంది ఉన్నారు. అందులో 39 లక్షల మందితో ప్రభుత్వాలే చేయిస్తున్నాయి. లైంగిక దోపిడీలో చిక్కుకున్నవారిని పక్కన పెడితే, ప్రైవేటు రంగంలో పొలాల్లో, ఫ్యాక్టరీల్లో, కట్టడాల్లో, పడవల మీద, ఇళ్లలో పనిచేస్తున్నవాళ్లు 1 కోటీ 73 లక్షలు. ఇందులో మన వ్యాపారాలకు తగిలేది చాలా ఉంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. అప్పు.

ఈరోజు కంపెనీల సప్లై చెయిన్‌లో దొరుకుతున్న వెట్టిలో పెద్ద భాగం ఫ్యాక్టరీలో మొదలవదు. కార్మికుడు పనిలో చేరకముందే, తన ఇంటి దగ్గరే మొదలవుతుంది. వేరే దేశంలో ఉద్యోగం ఉందని ఒక ఏజెంట్ వస్తాడు. అతని కింద ఇంకో ఏజెంట్, అతని కింద ఊళ్లో తెలిసిన మనిషి. ప్రతి ఒక్కరికీ కమీషన్. వైద్య పరీక్షకు ఇంత, వీసాకు ఇంత, టికెట్‌కు ఇంత, శిక్షణకు ఇంత. చేతిలో డబ్బు లేదు కాబట్టి వడ్డీకి తెస్తారు. ఆ మొత్తం ఎనిమిది నెలల జీతమంత ఉందనుకుందాం. ఉన్న జీతంలో సగం ఇంటికి పంపి, సగం అప్పు కడితే వడ్డీ లేకుండానే 16 నెలలు. వడ్డీ కలిస్తే రెండేళ్లు దాటొచ్చు. తీరా అక్కడికి వెళ్లాక చెప్పిన జీతం కాదని తెలుస్తుంది. హాస్టల్ ఖర్చని, తిండి ఖర్చని కోతలు మొదలవుతాయి. పోతుందేమో, మా దగ్గర భద్రంగా ఉంటుంది అని పాస్‌పోర్టు తీసుకుంటారు.

ఇక అతన్ని ఎవరూ కట్టేయక్కర్లేదు. ఎక్కడికి పోతాడు? పని మానేస్తే అప్పు ఆగదు. ఇంటి దగ్గర అప్పిచ్చినవాడు తండ్రి గుమ్మం ముందు నిలబడతాడు. ఓవర్‌టైమ్ చెయ్యమంటే చేస్తాడు, ఆదివారం రమ్మంటే వస్తాడు, సూపర్‌వైజర్ చెయ్యి చేసుకున్నా ఊరుకుంటాడు. బయటి నుంచి చూసేవాళ్లకు ఇష్టపడి పనిచేస్తున్నట్టే ఉంటుంది. ఫ్యాక్టరీల్లో కార్మికుల పరిస్థితులు తనిఖీ చేసే ఆడిటర్లు చాలామంది ఇక్కడే మోసపోతారు, నేనూ మోసపోయాను.

దీనికి మందు చాలాకాలం నుంచి తెలుసు. కార్మికుడి దగ్గర నియామకం పేరుతో డబ్బు తీసుకోకూడదని 1997లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 181వ నంబరు ఒప్పందం చెప్పింది. ఉద్యోగం ఇచ్చేవాడే నియామకం ఖర్చు భరించాలి. ఇంత చిన్న మాటను పాటించడానికి కంపెనీలకు ఏళ్లు పడుతోంది.

కొవిడ్ రోజులు గుర్తున్నాయా? ప్రపంచమంతా రబ్బరు గ్లవ్స్ కోసం ఎగబడింది. వాటిలో పెద్ద వాటా మలేసియా ఫ్యాక్టరీలది. అక్కడ పనిచేసేవాళ్లలో చాలామంది బంగ్లాదేశ్, నేపాల్ నుంచి ఏజెంట్లకు డబ్బు కట్టి వచ్చినవాళ్లు. 2020 జూలైలో, అంటే గ్లవ్స్‌కు అంత కొరత ఉన్న సమయంలో, అమెరికా కస్టమ్స్ అక్కడి అతిపెద్ద తయారీదారు సరుకును బలవంతపు పని అనుమానంతో ఆపేసింది. అంతకుముందు ఎన్నో ఏళ్లుగా ఆ ఫ్యాక్టరీలకు సామాజిక ఆడిట్లు జరుగుతూనే ఉన్నాయి. సరుకు ఆగాక ఆ కంపెనీ కార్మికులు ఏజెంట్లకు కట్టిన డబ్బును లెక్కగట్టి, 13 కోట్ల రింగిట్లకు పైగా తిరిగి ఇచ్చింది. 2021 సెప్టెంబరులో నిషేధం ఎత్తేశారు. ఆడిట్ రిపోర్టులు ఏళ్ల తరబడి రాబట్టలేని డబ్బు, పోర్టులో కంటైనర్లు ఆగితే ఏడాదిలో బయటికొచ్చింది.

ఇక్కడ మోరెల్‌ను మళ్లీ తలుచుకుందాం. మీ సప్లయర్ కిందటి ఏడాది వేరే దేశం నుంచి 200 మందిని తెచ్చుకున్నాడనుకోండి. ఆ 200 మందికి విమానం టికెట్లు కొనాలి. వీసాలు తీయాలి. వైద్య పరీక్షలు చేయించాలి. ఏజెన్సీకి ఫీజు కట్టాలి. అతని ఖాతాల్లో ఆ బిల్లులు ఎక్కడున్నాయి? ఏజెన్సీ ఇన్‌వాయిస్ చూపించమనండి. ఒక్క బిల్లూ లేకపోతే, ఉన్న బిల్లు 200 మందికి సరిపోయేలా లేకపోతే, ఆ ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? మనుషులైతే వచ్చారు కదా. ఈ ఒక్క ప్రశ్న అడగడానికి మీరు ఫ్యాక్టరీకి వెళ్లక్కర్లేదు. మీ అకౌంటెంట్ తన కుర్చీలో కూర్చుని అడగొచ్చు. నాకు తెలిసినంతలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత నిజం చెప్పే పరీక్ష ఇంకోటి లేదు.

సప్లయర్ల ఖాతాల గురించి చెప్పాను. మన ఖాతాల గురించి చెప్పకపోతే అన్యాయం.

నేను పదహారేళ్లు పర్చేజ్‌లో పనిచేశాను. దుస్తులు కొనే కంపెనీ. ఒకసారి ఒక సప్లయర్ పది వారాలు అడిగాడు, ఏడు వారాలు ఇచ్చాం. ఆ తరవాత రంగు శాంపిల్ ఓకే చెయ్యడానికి మా డిజైన్ వాళ్లే పన్నెండు రోజులు తీసుకున్నారు. షిప్‌మెంట్ తేదీ మాత్రం మార్చలేదు. ఆలస్యమైతే కోత పడుతుందని ఆర్డర్‌లో ఉంది. అతను ఫోన్‌లో ఒక్కసారే అన్నాడు, "మేడం, కష్టమండీ" అని. "చూడండి, ఎలాగోలా సర్దండి" అన్నాను. సర్దాడు. సరుకు టైముకు వచ్చింది. ఆ పని మా లిస్టులో లేని ఒక షెడ్డులో జరిగిందని, ఆఖరి వారం రాత్రిళ్లు బయటి నుంచి తాళం వేసి కుట్టించారని ఏడాది తరవాత తెలిసింది. ఆ తాళం వేసింది నేను కాదు. కానీ ఆ పన్నెండు రోజులు ఎక్కడి నుంచి వస్తాయనుకున్నాను? అప్పుడు అనుకోలేదు, అసలు ఆలోచించలేదు. ఇప్పటికీ ఆ "ఎలాగోలా" అన్న మాట గుర్తొస్తే నాకు నిద్ర పట్టదు.

ధర కూడా అంతే. ఒక వస్తువు చెయ్యడానికి 40 నిమిషాల పని పడుతుందని మన ఇంజనీర్లకే తెలుసు. అక్కడి చట్టం చెప్పిన కనీస కూలి ఎంతో తెలుసు. మనం ఇచ్చే ధరలోంచి ముడిసరుకు, కరెంటు, అద్దె, రవాణా తీసేస్తే కూలికి మిగిలేది 25 నిమిషాలకే సరిపోతుందనుకోండి. మిగిలిన 15 నిమిషాలు ఎవరిస్తున్నారు? సప్లయర్ తన జేబులోంచి ఒక నెల ఇస్తాడు, రెండు నెలలు ఇస్తాడు. తరవాత అది జీతం లేని ఓవర్‌టైమ్ అవుతుంది, లేకపోతే ఇంకా తక్కువకు దొరికే సబ్ కాంట్రాక్టర్ దగ్గరికి పోతుంది. తక్కువ రేటు తెచ్చినందుకు మన పర్చేజ్ మేనేజరుకు ఆ ఏడు బోనస్ వస్తుంది.

తక్కువ కూలికీ వెట్టికీ సంబంధం ఏమిటని ఎవరైనా అడగొచ్చు. భారత సుప్రీంకోర్టు 1982లో దానికి జవాబు చెప్పింది. ఢిల్లీ ఆసియా క్రీడల కోసం జరిగిన కట్టడాల్లో కూలీలకు కనీస వేతనం ఇవ్వడం లేదని వేసిన కేసు అది. కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీ కిందికే వస్తుందని కోర్టు తేల్చింది. ఆకలి, పేదరికం కూడా మనిషిని బలవంతపెడతాయని, అలాంటి స్థితిలో తక్కువకు ఒప్పుకోవడాన్ని ఇష్టం అనలేమని చెప్పింది. ప్రపంచంలో చాలా చట్టాలు ఇప్పటికీ ఇంత దూరం రాలేదు. ధర నిర్ణయించే గదిలో ఈ తీర్పు ఒక కాపీ ఉండాలని నా కోరిక.

ఆడిట్ల గురించి మీలో కొందరు అడగాలనుకుంటున్నారని తెలుసు. 2012 సెప్టెంబరులో పాకిస్తాన్‌లోని కరాచీలో ఒక దుస్తుల ఫ్యాక్టరీ తగలబడింది. 250 మందికి పైగా చనిపోయారు. కిటికీలకు ఊచలు, తలుపులకు తాళాలు. ఆ ఫ్యాక్టరీకి కార్మికుల భద్రత, హక్కులు బాగున్నాయంటూ అంతర్జాతీయ సర్టిఫికెట్ అంతకు కొన్ని వారాల ముందే వచ్చింది. ఇంకేం చెప్పాలి?

ఆడిట్‌లు వద్దనడం లేదు. మంటలార్పే పరికరం ఉందా, మరుగుదొడ్డి ఉందా అన్నవి కళ్లతో చూసి చెప్పొచ్చు. అప్పు కంటికి కనపడదు. భయం కంటికి కనపడదు. ముందే తేదీ చెప్పి వెళ్తాం. రెండో రిజిస్టరు సిద్ధంగా ఉంటుంది. నేనొకసారి మూడు నెలల హాజరు పట్టీ చూశాను, మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఒకే పెన్ను, ఒకే చేతిరాత, ఒక్క కొట్టివేత లేదు. నిజమైన రిజిస్టరు అంత శుభ్రంగా ఉండదండీ. కార్మికులను మేనేజర్ ఆఫీసు పక్క గదిలో కూర్చోబెట్టి, వాళ్లకు సరిగా రాని భాషలో, "మీకు ఇక్కడ ఏమైనా ఇబ్బంది ఉందా?" అని అడుగుతాం. లేదంటారు. టిక్కు పెడతాం.

సప్లై చెయిన్‌లో ఇంకా కిందికి వెళ్తే ఆడిట్ అసలు అందదు. 2015లో ఇండోనేసియాలోని బెంజినా అనే దీవిలో, వేట పడవల మీద ఏళ్ల తరబడి బందీలుగా ఉన్న మనుషుల గురించి అసోసియేటెడ్ ప్రెస్ విలేకరులు బయటపెట్టారు. కొందరిని బోనులో పెట్టారు. చాలామంది మయన్మార్ నుంచి వచ్చినవాళ్లు. వాళ్లు పట్టిన చేపలను విలేకరులు వెంబడిస్తే, అవి థాయ్‌లాండ్‌లోని శీతల గోదాములు దాటి, అమెరికా సూపర్‌మార్కెట్లకూ పెంపుడు జంతువుల ఆహారంలోకీ వెళ్తున్నాయి. ఆ వార్తల తరవాత 2,000 మందికి పైగా విడుదలయ్యారు. నడి సముద్రంలోనే ఒక ఓడ నుంచి ఇంకో ఓడకు చేపలు మార్చుకుంటే, పడవ నెలల తరబడి రేవుకు రానక్కరలేదు. రేవుకు రాని పడవలోంచి మనిషి పారిపోలేడు. అందుకే చేపలు కొనేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న పడవ రేవుకు ఎన్నాళ్లకు ఒకసారి వస్తుందని. ఇది కూడా పద్దుల్లో ఉండే సంగతే.

చట్టాలకు వస్తాను. ఎక్కువసేపు తీసుకోను. కాలిఫోర్నియా 2010లో, బ్రిటన్ 2015లో, ఆస్ట్రేలియా 2018లో తెచ్చినవి ప్రధానంగా వెల్లడి చట్టాలు. బ్రిటన్ చట్టం 54వ సెక్షన్ ప్రకారం ఏడాదికి 3 కోట్ల 60 లక్షల పౌండ్లు, అంతకు మించి టర్నోవర్ ఉన్న కంపెనీ వెట్టిని ఆపడానికి ఏం చేసిందో చెబుతూ ఏటా ఒక ప్రకటన ఇవ్వాలి. ఏ చర్యలూ తీసుకోలేదని రాసినా చట్టం ఒప్పుకుంటుంది. ఫలితంగా అందమైన పీడీఎఫ్‌లు చాలా వచ్చాయి. ఫ్రాన్స్ 2017లో, జర్మనీ 2021లో తెచ్చిన చట్టాలు ఇంకో మెట్టు ఎక్కాయి. ప్రమాదం ఎక్కడుందో వెతకాలి, ఆపడానికి పనిచెయ్యాలి అన్నాయి. మూడో దారి సరుకును సరిహద్దులో ఆపడం. బలవంతపు పనితో చేసిన సరుకును అలా ఆపే సెక్షన్ అమెరికాలో 1930 నుంచే ఉంది. కానీ దేశంలో గిరాకీకి సరిపడా తయారు కాని సరుకుకు మినహాయింపు ఇచ్చారు. ఆ కంత 2016లో గానీ పూడలేదు. 2022 జూన్ నుంచి చైనాలోని షిన్‌జియాంగ్ సరుకు విషయంలో అమెరికా లెక్కను తిరగేసింది. అక్కడి నుంచి వచ్చిందంటే బలవంతపు పనితో చేసిందనే అనుకుంటారు, కాదని నిరూపించుకోవాల్సింది దిగుమతిదారే. అలాంటి సరుకు మీద యూరోపియన్ యూనియన్ నిషేధం 2027 డిసెంబరు నుంచి అమల్లోకి వస్తుంది.

నా అభిప్రాయం దాచుకోను. కాగితం అడిగిన చట్టానికి కంపెనీలు కాగితం ఇచ్చాయి. సరుకు ఆపిన చట్టానికి డబ్బు తీశాయి.

ఇక నిజంగా పనిచేసిన దాని గురించి. అమెరికాలోని ఫ్లోరిడాలో ఇమ్మోకలీ అనే చోట టొమాటో తోటల కూలీలు 1990ల్లో సంఘం పెట్టుకున్నారు. ఆ తోటల్లో మనుషులను బంధించి పనిచేయించిన కేసులు ఒకటి తరవాత ఒకటి కోర్టుకెక్కాయి. కూలీకి బకెట్ లెక్కన డబ్బు. బకెట్‌కు 32 పౌండ్ల టొమాటోలు, అంటే దాదాపు పద్నాలుగున్నర కిలోలు. కానీ అంచు దాకా నింపితే మేస్త్రీ ఒప్పుకునేవాడు కాదు, పైన గోపురంలా పోయాలి. ఆ గోపురానికి డబ్బు లేదు. రోజంతా కోస్తే అలా ఎన్ని బకెట్లు ఊరికే పోతాయో ఆలోచించండి.

కూలీలు తోట యజమానితోనే పోట్లాడుతూ కూర్చోలేదు. టొమాటోలు కొనే పెద్ద పెద్ద ఫాస్ట్‌ఫుడ్ కంపెనీల దగ్గరికి వెళ్లారు. ధర నొక్కుతున్నది మీరే, కాబట్టి మీతోనే మాట్లాడతాం అన్నారు. టాకో బెల్ మీద నాలుగేళ్లు బహిష్కరణ నడిపారు. 2005లో ఆ కంపెనీ దిగొచ్చింది. పౌండు టొమాటోలకు ఒక్క సెంటు, అంటే డాలరులో వందో వంతు, అదనంగా ఇవ్వడానికి, అది కూలీలకే చేరేలా చూడడానికి ఒప్పుకుంది. 2010లో సాగుదారుల సంఘం కూడా కలిసింది. ఆ ఒప్పందం కోర్టులో నిలబడే ఒప్పందం. తోటలో బలవంతపు పని తేలితే కొనేవాళ్లు అక్కడ కొనడం ఆపాలి, అది వాళ్ల ఇష్టానికి వదల్లేదు. కూలీల హక్కుల గురించి కూలీలకు చెప్పేది తోటి కూలీలే. రాత్రీ పగలూ పనిచేసే ఫోన్ నంబరు ఉంది, తీసేవాళ్లు కూలీల భాష మాట్లాడతారు. బకెట్ ఎంతవరకు నింపాలో బొమ్మతో సహా రాశారు. గోపురం పోయింది.

నాకు ఇందులో బాగా నచ్చేది ఆ బకెట్. హక్కులు, గౌరవం గురించి పేజీలు రాయొచ్చు. వీళ్లు బకెట్ అంచు ఎక్కడుందో గీసి చూపించారు.

అన్నిచోట్లా ఇది కుదరదు. ప్రభుత్వమే చేయిస్తుంటే ఏ ఫోన్ నంబరూ పనిచెయ్యదు. ఉజ్బెకిస్తాన్‌లో పత్తి ఏరడానికి పిల్లలను, టీచర్లను, డాక్టర్లను ఏళ్ల తరబడి పొలాలకు తోలారు. అలాంటి చోట ఆడిటర్‌ను పంపడం ఆ కార్మికులకే ప్రమాదం. ప్రపంచవ్యాప్తంగా వందలాది బ్రాండ్లు ఆ పత్తి కొనబోమని సంతకాలు చేశాయి. లోపలి నుంచి కార్యకర్తలు ప్రాణాలకు తెగించి ఫొటోలు, వివరాలు బయటికి పంపారు. కొత్త ప్రభుత్వం వచ్చాక పత్తి ఏరే కూలి పెంచారు, బలవంతాన్ని క్రమంగా తీసేశారు. 2022 మార్చిలో ఆ బహిష్కరణ ఎత్తేశారు. కాబట్టి కొనడం మానేయడం కూడా ఒక్కోసారి సరైన పనే.

కానీ మామూలుగా జరిగేది వేరు. సప్లయర్ దగ్గర వెట్టి ఉందని తెలియగానే లీగల్ వాళ్లు టెన్షన్ పడతారు, కాంట్రాక్టు రద్దు చేయమంటారు. రద్దు చేస్తే మన పేరు బయటికి రాదు. అక్కడి కార్మికుడికి ఉన్న ఉద్యోగం పోతుంది, అప్పు మిగులుతుంది, వీసా రద్దవుతుంది. అతను ఇంకా చెడ్డ చోటికి పోతాడు. పదేళ్లు ఆ ధరతో లాభం తిన్నది మనం. దొరికిన రోజునే చేతులు దులుపుకుని పోతామా? మొదట, కార్మికులు ఏజెంట్లకు కట్టిన డబ్బు తిరిగి ఇప్పించాలి. ఆ ఖర్చులో మన వాటా మనం పెట్టాలి. సప్లయర్ ససేమిరా అంటేనే, కార్మికులతో మాట్లాడాకే, బయటికి రావడం గురించి ఆలోచించాలి.

ఆ షెడ్డు సంగతి తెలిశాక నేను ప్రశ్న మార్చుకున్నాను. ఫ్యాక్టరీ బయట, సెలవు రోజున, వాళ్ల భాష వచ్చిన ఆడమనిషిని తోడు తీసుకుని వెళ్లేదాన్ని. ఇబ్బంది ఉందా అని అడగడం మానేశాను. "రేపు మీరు పని మానేసి ఇంటికి వెళ్లాలనుకుంటే, వెళ్లేముందు ఎవరికి ఎంత ఇవ్వాలి?" అని అడిగేదాన్ని. మొదటిసారి ఈ ప్రశ్న అడిగినప్పుడు ఒకామె వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఏజెంటుకు ఇంత బాకీ. ఊళ్లో అప్పిచ్చినవాడికి ఇంత. గడువుకు ముందే మానేస్తే కంపెనీకి జరిమానా ఇంత. పాస్‌పోర్టు విడిపించుకోవడానికి ఆఫీసులో గుమాస్తాకు ఇంత. చిటికెన వేలు మిగిలింది. నవ్వి, "ఇక టికెట్టు" అంది. ఏడేళ్లుగా ఆ ఫ్యాక్టరీకి ఆడిట్ రిపోర్టులు ఉన్నాయి మా దగ్గర. ఆ ఐదు అంకెల్లో ఒక్కటీ వాటిలో లేదు.

ఆ డబ్బు తిరిగి ఇప్పించడానికి ఏడాదికి పైగా పట్టింది. సప్లయర్ సగం, మేం సగం, వాయిదాల్లో కట్టాం. ఆఖరి వాయిదా పడిన నెలలో పదిమంది దాకా పని మానేసి ఇళ్లకు వెళ్లిపోయారు. సప్లయర్ నాకు ఫోన్ చేసి, "చూశారా మేడం, డబ్బు చేతికి రాగానే వెళ్లిపోతున్నారు" అని బాధపడ్డాడు. వాళ్లు ఆ ఫ్యాక్టరీలో నాలుగేళ్ల నుంచి పనిచేస్తున్నారు. మా ఫైళ్లలో వాళ్లందరి పేర్ల పక్కన "ఇష్టపూర్వకంగా పనిచేస్తున్నారు" అని ఉంది.

ఇక మీ ప్రశ్నలు. వెనక వరుసలో చెయ్యెత్తారు, మైకు అటు ఇవ్వండి.